మా బండి జాలి తీయించిన సంగతి



మా నలుగురికి కలిపి ఒకటే బండి ఉండేది. 150 సీసీ, సెకండ్ హ్యాండ్, పాత కార్బొరేటర్ బండి. కాగితాల మీద ఒకరి పేరు, పెట్రోలు మాత్రం నలుగురిది. ఉట్నూరు దగ్గర ఒకే గూడెం వాళ్లం మేము. ఆశ్రమ పాఠశాలలో ఒకే బెంచీ, తర్వాత డిగ్రీకి ఆదిలాబాద్‌ల ఒకే హాస్టల్ గది. అందుకే ఈ సంగతి "నేను" అని రాయబుద్ధి కాలేదు. సైలెన్సర్ కోయించింది ఎవరు, ఆ రోజు కీ తిప్పింది ఎవరు అని కింద అడగకండి. నలుగురం కోయించినం, నలుగురం తిప్పినం.

ఎందుకు చేయించిన్రురా అని ఇంట్లో అందరూ అడిగిన్రు. "సౌండ్ మంచిగుంటది" అని చెప్పినం. అది నిజమే గానీ సగం నిజం. మిగతా సగం అప్పుడు మాకే సరిగా తెల్వదు.

కాలేజీలో మాది చివరి బెంచీ. మొదటి సంవత్సరం హాజరు పిలిచినప్పుడు మేము చెప్పే "ఎస్ సార్" ముందుదాకా పోయేది కాదు. ఇంట్లో గోండీ, బళ్లో తెలుగు, ఇక్కడికొచ్చినంక ఒక్కసారే ఇంగ్లీషు మీడియం. తప్పు మాట్లాడితే నవ్వుతరని నోరు సగమే తెరిచేవాళ్లం. క్లాసులో కూర్చునుండంగనే రెండుసార్లు ఆబ్సెంట్ పడ్డది. లేచి "సార్, మేమున్నం" అనడానికి నలుగురిలో ఒక్కరికీ గొంతు లేవలేదు. మీలో చాలామందికి ఇది కొత్త సంగతేం కాదు. భద్రాచలం నుంచి పోయినా, ఏటూరునాగారం నుంచి పోయినా, పాడేరు, సీతంపేట నుంచి పోయినా ఆ చివరి బెంచీ ఒకటే.

సాయంత్రం గేటు దగ్గర వేరే లోకం. పట్నం పిల్లల పెద్ద బండ్లు గుడగుడమంటూ బయటికొస్తే అందరి తలలూ అటే తిరిగేవి. ఆడపిల్లలు చూసేవాళ్లు, చాయ్ బండి కాడి ముసలాయన చూసేటోడు, మాకు ఆబ్సెంట్ వేసిన సారు కూడా ఆగి చూసేటోడు. కోపంగానే చూసిండు అనుకోండి, అయినా చూసిండు కదా. మా బండేమో కుట్టుమిషన్ లెక్క పోయేది. పక్క నుంచి పోయినా ఎవరూ తల ఎత్తేవాళ్లు కాదు.

స్కాలర్‌షిప్ పడ్డ వారం మెకానిక్ దగ్గరికి పోయినం. కొత్త పంజాబ్ సైలెన్సర్ పెట్టాల్నా, ఉన్నదే కోయాల్నా అని అడిగిండు. కొత్తదైతే 2,000 పైన. ఉన్నది కోస్తే వెల్డింగ్‌తో కలిపి 600. మనిషికి 150 వేసుకున్నం.

ఆ కోసే పని ఇప్పటికీ కండ్ల ముందే ఉన్నది. సైలెన్సర్ విప్పి, వెనక మూత చుట్టూ గ్రైండర్ పెట్టిండు. నిప్పురవ్వలు మా చెప్పుల మీద పడుతున్నయి. మూత ఊడినంక లోపల ఇనుప పలకలతో చేసిన అరలు, వాటి మధ్య నుంచి పోయే గొట్టం కనపడ్డది. గొట్టం ఒంటి నిండా సన్నటి రంధ్రాలు. షాపులో దాన్ని జాలి అంటరు. అరలను సుత్తితో కొట్టి వంచి, జాలిని పట్టకారుతో పట్టి లాగిండు. మసి పట్టి నల్లగా, చెరుకు గడంత పొడుగు ఉన్నది. దాన్ని ఆ మూలకు విసిరేసి, ఖాళీ డొల్లకు మళ్లీ మూత పెట్టి వెల్డింగ్ కొట్టిండు. మొత్తం నలభై నిమిషాలు. స్టార్ట్ చేస్తే షాపు రేకులు అదిరినయి. ఆ ఖుషీలో మూలకు పడేసిన జాలి మాకు కావాలని అడగనే లేదు. ఆ మాట మళ్లీ వస్తది, గుర్తుంచుకోండి.

తమ్ముళ్లలో సగం మందికి బండి పిచ్చి ఉంటదని తెలుసు కాబట్టి లోపల ఏం జరుగుతదో కొంచెం చెప్తం. ఇది మేము కూడా తర్వాతే తెలుసుకున్నం. మన బండిలో ఒకటే సిలిండర్. ఇంజన్ నిమిషానికి 6,000 చుట్లు తిరిగితే అందులో సగం సార్లు, అంటే 3,000 సార్లు పెట్రోలు మండుతది. సెకనుకు 50 పేలుళ్లు. ప్రతి పేలుడు తర్వాత వాల్వు తెరుచుకోంగనే వేడి గాలి ఒత్తిడితో బయటికి దూకుతది. మనకు వినపడే చప్పుడు అదే. కంపెనీ సైలెన్సర్‌లో ఆ గాలి తిన్నగా పోదు. జాలి రంధ్రాల్లోంచి ఒక అరలోకి, అక్కడి నుంచి ఇంకో అరలోకి తిరుగుతది, గోడలకు కొట్టుకుని వెనక్కి వచ్చిన చప్పుడు ముందుకు పోయే చప్పుడుతో కలిసి అణిగిపోతది. జాలి తీస్తే ఆ 50 పేలుళ్లు ఉన్నవి ఉన్నట్టు రోడ్డు మీద పడ్తయి. మనం కొత్తగా చేసిన సౌండేం లేదు, ఆపేది తీసేసినం, అంతే.

పవర్ పెరుగుతదని అందరూ అంటరు. మేము కూడా అదే నమ్మినం. మా బండి విషయంలో తిరకాసు అయ్యింది. కార్బొరేటర్‌లో జెట్ సైజు కంపెనీ ఆ సైలెన్సర్‌ను చూసి పెట్టింది. ఉత్తగా జాలి తీసి వదిలేస్తే గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అవుతది. ఇంజన్ వేడెక్కుతది. నెల తర్వాత ప్లగ్ విప్పి చూస్తే కాఫీ రంగుల ఉండాల్సిన కొన తెల్లగా సున్నం లెక్క ఉన్నది. కెరమెరి ఘాట్ మీద ముగ్గురం ఎక్కితే ఒకప్పుడు మూడో గేర్ల పోయిన మలుపు రెండో గేర్ల కూడా మూలిగింది. లీటరుకు 50 ఇచ్చే బండి 42కు దిగింది. చప్పుడు ఎక్కువ కాబట్టి స్పీడ్ ఎక్కువని మా చెవులు మమ్మల్ని మోసం చేసినయి. పాసింజర్ ఆటో మమ్మల్ని దాటిపోయిన రోజు మాత్రం నలుగురిలో ఎవరూ మాట్లాడలేదు.

చట్టం సంగతి కూడా అప్పుడు తెల్వదు. 80 నుంచి 175 సీసీ బండికి కంపెనీ నుంచి వచ్చేటప్పుడు చప్పుడు 77 డెసిబెల్స్ దాటొద్దు. 175 పైన అయితే 80. డెసిబెల్స్ మామూలు లెక్క కాదు, పది పెరిగితే చప్పుడు శక్తి పది రెట్లయినట్టు. ఫోన్‌ల యాప్ వేసి సైలెన్సర్ పక్కన పెడితే 100 దాటింది. ఫోన్ కొలతను నమ్మలేం, కొలిచింది కూడా మరీ దగ్గర నుంచి. అయినా ఆ నంబరు స్క్రీన్‌షాట్ తీసి స్టేటస్ పెట్టుకున్నం.

మొదటిసారి గూడెంలోకి పోయినప్పుడు చిన్నపిల్లలు బండి వెనక ఉరికిన్రు. కుక్కలు ఉరికినయి, కోళ్లు ఎగిరినయి. పోరగాళ్లు ఒక్కొక్కరే వచ్చి "దాదా, ఒక్కసారి రేస్ చెయ్యి" అని బతిమిలాడిన్రు. మాకు అంతకంటే ఏం కావాలె.

పుష్యమాసంలో నాగోబా పూజకు మెస్రం వంశం వాళ్లు గోదావరి జలం కోసం నడిచి పోతరు. జన్నారం మండలంలో హస్తినమడుగు దాకా కాలినడకనే, తెల్లబట్టలతో, వరుసలో. వేరే ఏజెన్సీల తమ్ముళ్లు తెలుసుకోవాలని చెప్తున్నం, కేస్లాపూర్ జాతరకు ముందు మా దిక్కు అది పెద్ద నియమం. ఆ నడకకు మేము ఎదురొచ్చినం. బండి నెమ్మది చేసినం గానీ ఆపలేదు. వరుస మొత్తం రోడ్డు దిగి మట్టిలో నిలబడ్డది. ఒక పెద్దాయన చెయ్యి ఎత్తిండు. మాకు రామ్ రామ్ చెప్తుండు అనుకుని మేము కూడా చెయ్యి ఎత్తినం. అది రామ్ రామ్ కాదని చాలా రోజులకు తట్టింది.

మార్చిల ఇప్పపువ్వు మొదలైంది. చీకటి ఉండంగనే ఆడవాళ్లు గంపలు పట్టుకుని చెట్ల కిందికి పోతరు. గుడ్డెలుగుకు కూడా ఇప్పపువ్వు అంటే ప్రాణం, అది కూడా అదే వేళకు వస్తది. అందుకే ఏరేటప్పుడు ఎక్కువ మాట్లాడరు, చెవులు అడవి దిక్కే ఉంటయి. ఎండుటాకుల మీద దాని అడుగు చప్పుడు ముందుగా వినపడితే పక్కకు తప్పుకోవచ్చు, ఎదురుపడితే మాత్రం మీద పడ్తది. తెల్లవారుజామున మేము ఆ బాట మీదుగా పోయి వచ్చేవాళ్లం. ఒక రోజు అత్త మమ్మల్ని ఆపి అన్నది:

"అల్లుడూ, మీ బండి పోయినంక మస్తు సేపు చెవులల్ల గుయ్యిమంటది. ఎలుగొచ్చినా ఇనవడది."

నవ్వుకుంటూనే అన్నది. మేము కూడా నవ్వుకుంటూనే "మా చప్పుడుకు ఎలుగే పారిపోతదత్తా" అన్నం. అత్త ఇంకేం అనలేదు, గంప ఎత్తుకుని పోయింది. మనోళ్ల అలవాటే అంత కదా, ఒక్కసారి చెప్తరు, రెండోసారి చెప్పరు.

ఇక ఏప్రిల్ సంగతి. అది రాయడానికే ఇంత చుట్టు తిరిగినం.

ఇంజన్ తిరుగుతుండంగ కీ ఆఫ్ చేసి, రెండు క్షణాలాగి మళ్లీ ఆన్ చేస్తే ఏమైతదో బండి పోరగాళ్లకు తెలుసు. ఆ రెండు క్షణాలు ఇంజన్ పెట్రోలు గుంజుతనే ఉంటది గానీ నిప్పు రాదు. మండని పెట్రోలు వేడి సైలెన్సర్‌లో నిండుతది. కీ తిప్పంగనే అది మొత్తం ఒక్కసారే అంటుకుని ఢామ్మంటది. పటాకా కొట్టుడు అంటరు. అరలు, జాలి ఉన్న సైలెన్సర్‌లో అది అంత పెద్దగా రాదు, మా డొల్ల సైలెన్సర్‌లో మాత్రం తుపాకి పేలినట్టే వచ్చేది. "తుపాకి లెక్క" అని మేమే గొప్పగా చెప్పుకునేవాళ్లం. సరిగ్గా ఆ మాటే వాడేవాళ్లం.

ఇంటర్నల్స్ అయిపోయి ఇంటికి పోతున్నం. సోమవారం. ఆదిలాబాద్ నుంచి గుడిహత్నూర్ మీదుగా ఉట్నూరు పోయే దారిలో ఇంద్రవెల్లి తగులుతది, సోమవారం అక్కడ అంగడి. ఇద్దరం బండి మీద, ఇద్దరం వెనక ఆటోలో. అంగడి దాటంగనే రోడ్డు పక్కన వేపచెట్టు కింద తాత కనపడ్డడు. మాలో ఒకరి తాత, గూడెంలో మా అందరికీ తాతే. ఎండిన ఇప్పపువ్వు అమ్మి, ఉప్పు, మిరపకాయలు, ఎండుచేపలు, ఎద్దుకు కొత్త పగ్గం కొనుక్కుని సంచి పక్కన పెట్టుకుని ఆటో కోసం కూర్చున్నడు. మమ్మల్ని చూడలేదు. సరదాగా పలకరిద్దాం అనుకున్నం. దగ్గరికి పోయినంక కీ ఆఫ్ చేసి ఆన్ చేసినం.

తాత బోర్లా పడుకున్నడు. పడిపోవడం కాదు, పడుకున్నడు. రెండు చేతులూ తల మీద పెట్టుకుని, మొహం మట్టిలో పెట్టి, మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని. అరవై దాటిన మనిషి అంత తొందరగా నేల మీదికి పోతడని మేము ఎన్నడూ అనుకోలేదు. సంచి ఒరిగి మిరపకాయలు రోడ్డు మీద పడ్డయి.

కిరాణం దుకాణం ముందట నిలబడ్డ పోరగాళ్లు పకపకా నవ్విన్రు. ఒకడు ఈల కొట్టిండు. రెండు క్షణాలు మేము కూడా నవ్వినం. ఈ మాట రాయకుండా వదిలేద్దాం అని మాలో ఇద్దరు అన్నరు, రాయాలె అని ఇద్దరు అన్నరు.

నవ్వు ఆగినంక అంగడి దిక్కు చూసినం. చిన్నవాళ్లందరూ తలలు తిప్పి మా దిక్కే చూస్తున్నరు, కాలేజీ గేటు కాడ మేము కోరుకున్నట్టే. పెద్దవాళ్లలో కొందరు మాత్రం మమ్మల్ని చూస్తలేరు. చింతపండు అమ్మే ఒక అవ్వ బస్తా వెనక వంగి కూర్చున్నది. ఇంకొకాయన మనవరాలిని పట్టుకుని గోడకు ఆనుకున్నడు. వాళ్లెవరో మాకు తెల్వదు.

తాతను లేపినం. మొహం నిండా మట్టి. మా మొహాలు గుర్తు పట్టడానికి కొంచెం టైం పట్టింది ఆయనకు. తర్వాత ఏం తిట్టలేదు. కూర్చుని మిరపకాయలు ఒక్కొక్కటే ఏరి సంచిలో వేసుకున్నడు. మేము కూడా ఏరినం. చేతులు వణుకుతున్నయి ఆయనవి. "ఏం కాలేదు పోండి" అన్నడు గోండీలో. బండి ఎక్కమంటే ఎక్కలేదు. ఆటోలో వచ్చిండు.

ఇంద్రవెల్లి అంటే ఏంటో ఈ గ్రూపులో చెప్పాల్సిన పని లేదు. అయినా కొత్తగా వచ్చిన చిన్నోళ్ల కోసం నాలుగు మాటలు. 1981 ఏప్రిల్ 20. ఆ రోజు కూడా సోమవారమే, అంగడి రోజే. గిరిజన రైతు కూలీ సంఘం సభ పెట్టింది. భూములకు పట్టాలు కావాలె, షావుకార్ల దోపిడీ ఆగాలె అని. సభకు అనుమతి లేదన్న సంగతి గూడేల నుంచి నడిచొచ్చిన చాలామందికి తెల్వదు. పోలీసులు కాల్పులు జరిపిన్రు. చనిపోయింది 13 మంది అని సర్కారు లెక్క. ఆ లెక్కను మా దిక్కు పెద్దలు ఇప్పటికీ ఒప్పుకోరు, చాలా ఎక్కువ అంటరు. తర్వాత స్తూపం కట్టిన్రు, దాన్ని కూల్చిన్రు, మళ్లీ కట్టుకున్నం. ఎన్నో ఏండ్లు ఏప్రిల్ 20 వచ్చిందంటే అక్కడ 144 సెక్షన్ పెట్టేవాళ్లు.

ఇదంతా మాకు తెలుసు. చిన్నప్పటి నుంచీ తెలుసు. ప్రతి ఏప్రిల్ 20న నలుగురం డీపీలు మార్చేవాళ్లం, స్తూపం ఫొటో స్టేటస్ పెట్టేవాళ్లం, "అమరవీరులకు జోహార్లు" అని రాసేవాళ్లం. ఆ పోస్టులు ఇదే గ్రూపులో కిందికి పోతే ఇప్పటికీ ఉంటయి. ఆ చప్పుడు విన్న మనిషి మా ఇంట్లోనే అంబలి తాగుతుండు అన్న సంగతి మాత్రం తోచలేదు. తాత ఆ రోజు అక్కడ ఉన్నడని మాకు ఎవరూ చెప్పలేదు. మేము అడగలేదు.

ఆ రాత్రి అవ్వ చెప్పింది. అప్పటికి ఆయనకు పద్దెనిమిదో పంతొమ్మిదో. ఉరుము పెద్దగా ఉరిమితే ఇప్పటికీ లేచి లోపలికి పోతడట. దీపావళికి పటాకులు మొదలు కాంగనే చేను కాడి గుడిసెకు పోతడు. చిన్నప్పటి నుంచి చూస్తనే ఉన్నం, అడవిపందుల కావలికి పోతుండనే అనుకున్నం. దీపావళి పూట పందుల కావలేంది అని నలుగురిలో ఒక్కరికీ డౌటు రాలేదు.

మాలో ఒకరికి ఒక అనుమానం వచ్చింది. మరి దండారిలో ఆయనకేం కాదు కదా? దండారి అంటే మా పెద్ద పండుగ, నెమలి ఈకల కిరీటాలతో గుస్సాడీలు ఊరూరికి పోయి ఆడే పండుగ. డోలు, డప్పు, తుడుం, పెప్రె అన్నీ ఒక్కసారే మోగితే పక్క మనిషి మాట వినపడదు. తాత ఆ మోతలోనే డప్పు కొడుతడు, పొద్దెక్కేదాకా కొడుతడు. దూరం నుంచి తుడుం వినపడితే ఏ గూడెం దండారో చెప్తడు. డెసిబెల్స్ కొలిస్తే అది మా బండికి తక్కువేం ఉండదు. దీని మీద మేము హాస్టల్ల చాలా రాత్రులు మాట్లాడుకున్నం. తుడుం కొట్టేటోడు ఎవరో ఊరికి తెలుసు, ఎందుకు కొడుతుండో తెలుసు, ఎప్పుడు ఆపుతడో కూడా తెలుసు. మన బండి చప్పుడు ఎవరినీ అడిగి రాదు. పట్నంలో మమ్మల్ని వినాల్సినోళ్లు ఎట్లాగూ వినలేదు. బండి కొనుక్కున్న నాలుగు నెలలకు మళ్లీ ఆబ్సెంట్ పడ్డది, అది వేరే సంగతి. విన్నదంతా మనోళ్లే. రోడ్డు దిగి నిలబడ్డది మనోళ్లే, ఎలుగు అడుగు వినలేక ఇబ్బంది పడ్డది మనత్తే.

తెల్లారి జాలి మళ్లీ పెట్టిద్దాం అని బయల్దేరినం. ఇక్కడ నవ్వొచ్చే సంగతి ఒకటి. జాలి తీయించుకుని మూడు నెలలు తిరిగినా పట్టుకోని పోలీసులు, పెట్టించుకోవడానికి పోయే రోజు పట్నం మొదట్లోనే పట్టుకున్నరు. "సార్, తీయించడానికే పోతున్నం" అన్నం. "అందరూ ఇదే చెప్తరు" అన్నడాయన. ఆయన తప్పేం లేదు, మేమున్నా నమ్మేవాళ్లం కాదు. మోటారు వాహనాల చట్టం 190 సెక్షన్ కింద చప్పుడు, పొగ నియమాలు దాటితే మొదటిసారికే 10,000 దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లైసెన్స్ మూడు నెలలు బంద్ అని అక్కడే చదివి వినిపించిన్రు. మమ్మల్ని చూసి చలానా తగ్గించి రాసిన్రు గానీ సైలెన్సర్ విప్పి తీసుకున్నరు. పెద్ద పట్నాల్లో ఇట్ల పట్టుకున్నవాటిని రోడ్డు మీద పరిచి రోలర్‌తో తొక్కిస్తరు, వీడియోలు మీరు చూసే ఉంటరు. మాది ఏమైందో మాకు తెల్వదు. మేము నిలబడ్డంతసేపట్ల మా బండి కన్నా మూడింతలు మోగే పెద్ద బండ్లు రెండు ఆగినయి, ఫోన్ కలిపిచ్చినయి, పోయినయి. ఈ గ్రూపులో అది రాయకపోతే కడుపుల ఉంటది కాబట్టి రాస్తున్నం.

మెకానిక్ దగ్గరికి పోతే జాలి పాత ఇనుముకు పోయింది. కిలో లెక్కన అమ్మేసిండు. కొత్త కంపెనీ సైలెన్సర్ 3,800 అన్నరు. పాత కోసింది 600కు, మళ్లీ మామూలు కావడానికి 3,800. మా దగ్గర చలానా కట్టినంక 210 మిగిలినయి. బండిని ట్రాలీ ఆటోలో వేసుకుని గూడెం తెచ్చి పశువుల కొట్టంలో పెట్టినం. వానాకాలం అంతా అక్కడే ఉన్నది. సీటు మీద కోడి గుడ్లు పెట్టింది.

ఇంట్లో అడగొద్దు అనుకున్నం. దీపావళి తర్వాత పత్తి మొదటి ఏరుడు వచ్చింది. కిలో ఏరితే 10 రూపాయలు. అక్కలు రోజుకు 60, 70 కిలోలు ఏరుతుంటే మేము 35 దాటలేదు. పత్తికాయ అంచులు గోర్ల పక్కన గీరుకుని రెండో రోజుకు వేళ్లు మంట. నలుగురం కలిసి మూడు రోజులు ఏరితే డబ్బులు అయినయి. ఆ మూడు రోజుల్లో రెండు రోజులు తాత చేనులోనే. ఆయన కూలి లెక్క కచ్చితంగా తూకం వేసి ఇచ్చిండు, ఒక్క రూపాయి ఎక్కువ ఇవ్వలేదు, తక్కువ ఇవ్వలేదు. ఎందుకు ఏరుతున్నరని అడగలేదు. కొట్టంలో బండికి సైలెన్సర్ లేదన్న సంగతి మాత్రం ఆయన చూసిండు, రోజూ పొద్దున ఎడ్లను విప్పేది ఆయనే కదా.

కొత్త సైలెన్సర్ వేసినంక ప్లగ్ మార్చినం, కార్బొరేటర్ కడిగించినం. బండి మళ్లీ కుట్టుమిషన్ అయ్యింది. గూడెం పోరగాళ్లకు నచ్చలేదు. "దాదా, సౌండ్ పోయింది" అని మొహం వేలాడేసుకున్నరు. వాళ్లలో ఇద్దరు ఇప్పుడు ఇంటర్‌కు వచ్చిన్రు, బండి కొనాలని చూస్తున్నరు, ఈ గ్రూపులో కూడా ఉన్నరు. వాళ్లకు తెలియాలనే ఇది ఇంత పొడుగు రాసినం. కొత్త బండ్లలో అయితే పైపులో సెన్సార్ కూడా ఉంటది తమ్ముళ్లూ, దాన్ని ముట్టుకుంటే మీటర్లో లైటు వెలుగుతనే ఉంటది, మాకంటే ఎక్కువ ఖర్చవుతది.

డిసెంబర్ల ఒక సోమవారం పొద్దున తాత కొట్టం ముందట నిలబడి, సంచి చేతిలో పట్టుకుని, "అంగడికి పోతున్నరా?" అని అడిగిండు. పోయే పని మాకేం లేదు. పోతున్నం అన్నం. వెనక ఎక్కి కూర్చున్నడు. కిక్ కొట్టినంక కొంచెంసేపు ఆగి, "స్టార్ట్ అయిందా?" అన్నడు.

చలికాలం, రోడ్డు మీద పొగమంచు. తాత బండి మీద మాట్లాడుతడని మాకు తెల్వదు. పాత సైలెన్సర్ ఉన్నప్పుడు వెనక కూర్చున్న మనిషి అరిచినా వినపడకపోయేది. ఆ రోజు ఆయన దారి పొడుగునా ఏదో ఒకటి చెప్తనే ఉన్నడు. ఈ చేను ఎవరిదుండె, ఆ చింతచెట్టు ఎవరు పెట్టిన్రు, ఈ వాగు మీద కల్వర్టు లేనప్పుడు ఎట్ల దాటేవాళ్లు. ఇంద్రవెల్లి ఇంకో రెండు కిలోమీటర్లు ఉందనంగ కొంచెంసేపు ఊరుకున్నడు. తర్వాత చెవి దగ్గరికి వంగి మామూలు గొంతుతోనే చెప్పిండు.

"ఆ రోజు నేను ఎద్దుకు పగ్గం కొందామని పోయిన. సభ ఉన్నదని సగమే ఎరుక. పగ్గం కొన్న. ఇంటికి మాత్రం తేలేదు."

మేము ఏం అనలేదు. బండి ఇంకొంచెం స్లో చేసినం.

"ఎందుకు ఆపుతున్నవ్," అన్నడు తాత. "పో. ఆ మలుపు కాడ మాత్రం చూసి పో, గొడ్లు ఉంటయి."